టీ చవకైతే కోపం ఎందుకొచ్చింది? అమెరికా విప్లవం గురించి మా పాప అడిగిన ప్రశ్న

డాలస్_నాన్న
మా పాప ఎనిమిదో తరగతి. ఈ నెలంతా వాళ్ళకి అమెరికా విప్లవమే పాఠం, అంటే బ్రిటన్ కింద ఉన్న కాలనీలు తిరగబడ్డ కథ. నిన్న రాత్రి అన్నం తింటూ అడిగింది: "నాన్నా, 1773లో టీ చట్టం వచ్చాక టీ చవకైంది కదా, మరి చవకైన టీని బోస్టన్ వాళ్ళు సముద్రంలో ఎందుకు పోశారు?" పన్ను బాగా పెంచారమ్మా అన్నాను. లేచి వెళ్ళి పుస్తకం తెచ్చి చూపించింది. నిజమే, ఆ ఏడు పన్ను పెంచలేదు. పౌండు టీకి మూడు పెన్నీల సుంకం 1767 నాటి చట్టం నుంచీ ఉన్నదే.

మా రోజుల్లో "పన్నుల భారం మోయలేక తిరగబడ్డారు" అని ఒక్క వాక్యం రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఆ వాక్యం మా పాప దగ్గర చెల్లలేదు. భారం అంత లేనప్పుడు తిరుగుబాటు దేనికి? చదివినవాళ్ళు ఎవరైనా ఉంటే వివరంగా చెప్పండి.

గ్రూప్1_గది
"ప్రాతినిధ్యం లేనిదే పన్ను లేదు". లండన్ పార్లమెంటులో వాళ్ళకి సీట్లు లేవు. అదే కారణం, అంతకంటే ఏముంది?

పాతకాగితం
గ్రూప్1 తమ్ముడూ, సీట్లు ఇస్తామన్నా వాళ్ళు పుచ్చుకునేవాళ్ళు కాదు. 1765 అక్టోబరులో తొమ్మిది కాలనీల ప్రతినిధులు న్యూయార్క్‌లో కూర్చుని కాగితాల మీద ముద్ర పన్ను వేసిన స్టాంపు చట్టం మీద తీర్మానాలు చేశారు. మాకు పార్లమెంటు దిగువ సభ హౌస్ ఆఫ్ కామన్స్‌లో ప్రాతినిధ్యం లేదు, మేమున్న చోటును బట్టి చూస్తే ఉండడానికి వీలూ లేదు అని అందులో తేల్చి చెప్పారు. ఓడలో నెలన్నర, రెండు నెలల దూరం. అక్కడికి పదిమందిని పంపితే అయిదారు వందల మంది మధ్య ఆ పదిమంది ఓట్లు దేనికి సరిపోతాయి? వాళ్ళ వాదన వేరు. మాకు మా శాసనసభలున్నాయి, మా మీద పన్ను వేసే హక్కు వాటిదే, లండన్‌ది కాదు అని.

దానికి బ్రిటన్ చెప్పిన జవాబు కూడా వినాలి. మాంచెస్టర్, బర్మింగ్‌హామ్ లాంటి ఊళ్ళకి కూడా సొంత ఎంపీలు లేరు, అయినా పార్లమెంటు అందరి తరఫునా ఆలోచిస్తుంది అన్నారు. మేరీలాండ్ లాయరు డేనియల్ డులానీ దీన్ని గట్టిగా ఖండించాడు. ఇంగ్లండ్‌లో ఓటు లేనివాడి మీద పడే పన్నే ఓటు ఉన్నవాడి మీదా, ఎంపీ మీదా పడుతుంది, కాబట్టి వాళ్ళు ఒళ్ళు దగ్గర పెట్టుకుని వేస్తారు. అమెరికా మీద వేసే పన్ను వేసేవాడికి తగలదు. పైగా ఇక్కడ ఎంత వసూలైతే అక్కడ వాళ్ళకి అంత తగ్గుతుంది.

లెక్కలమాస్టారు
రెండో వైపు కూడా ఎవరో ఒకరు చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. ఫ్రాన్స్‌తో జరిగిన ఏడేళ్ళ యుద్ధానికి ముందు బ్రిటన్ అప్పు 7.5 కోట్ల పౌన్ల దరిదాపు. 1763లో యుద్ధం ముగిసేసరికి 13 కోట్ల దరిదాపు. ఏటా వచ్చే ఆదాయంలో సగానికి పైగా వడ్డీకే పోయేది. ఆ యుద్ధంలో అమెరికా కాలనీలకి ఫ్రెంచి వాళ్ళ బెడద తప్పింది. తర్వాత అక్కడ 10,000 మంది సైనికులను ఉంచాలనుకున్నారు. ఆ ఖర్చులో కొంత భాగం మీరూ పెట్టుకోండి అన్నాడు ప్రధాని జార్జ్ గ్రెన్‌విల్. ఇంగ్లండ్ వాడు అప్పటికే కాలనీల వాడికంటే ఎన్నో రెట్లు పన్ను కడుతున్నాడు. 1763లో ఆపిల్ రసంతో చేసే సైడర్ మీద పన్ను వేస్తే ఇంగ్లండ్ పల్లెల్లోనే గొడవలయ్యాయి. స్టాంపు పన్ను కూడా ఇంగ్లండ్‌లో 1694 నుంచి ఉన్నదే. మరి అడగడంలో తప్పేముంది?

దస్తావేజు
స్టాంపు అనగానే ఆగిపోయాను. మా నాన్నగారు ముప్పై ఏళ్ళు రిజిస్ట్రార్ ఆఫీసు ముందు చెట్టు కింద దస్తావేజులు రాశారు. స్టాంపు కాగితం దొరకని రోజున ఊరు ఊరంతా ఎలా ఆగిపోతుందో చిన్నప్పుడు కళ్ళారా చూశాను. పెళ్ళికి పొలం అమ్ముకునేవాడు, అప్పు తీర్చేవాడు, అందరూ ఆ అరుగు మీదే కూర్చుని ఎదురుచూసేవాళ్ళు.

అందుకే 1765 చట్టం చదివినప్పుడు నాకు వెంటనే అర్థమైంది. దస్తావేజులు, వీలునామాలు, కోర్టు కాగితాలు, ఓడ సరుకు పత్రాలు, లాయరు లైసెన్సు, కాలేజీ పట్టా, వార్తాపత్రిక, అందులో వేసే ప్రకటన, పంచాంగం, అన్నిటికీ ముద్ర ఉండాల్సిందే. పేకముక్కల పెట్టెకి ఒక షిల్లింగు, పాచికల జతకి పది షిల్లింగులు. ముద్ర పడిన కాగితం లండన్ నుంచి ఓడలో రావాలి. డబ్బు స్టెర్లింగులో, అంటే బ్రిటన్ నాణెంలో, కట్టాలి. కాలనీల్లో స్టెర్లింగ్ నాణెం కంటికి కనపడేదే తక్కువ. పైగా అంతకు ముందు ఏడాదే, 1764లో, కరెన్సీ చట్టం తెచ్చి కాలనీలు కాగితపు డబ్బును చెల్లుబాటు చేసుకోకుండా కట్టడి చేశారు. మాస్టారూ, పన్ను చిన్నదే కావచ్చు. దాన్ని కట్టడానికి చేతిలో ఏ డబ్బుండాలో కూడా చూడండి.

ఉయ్యూరు_చెరకు
ఇంకో సంగతి. ఆ పన్ను పడింది లాయర్ల మీద, ప్రెస్సు వాళ్ళ మీద, సత్రాల వాళ్ళ మీద. అంటే ఊళ్ళో నోరున్న వాళ్ళందరి మీద ఒకేసారి. ఇంక ఊరుకుంటారా!

గ్రూప్1_గది
పాతకాగితం సార్, దస్తావేజు అన్నా, ఇవన్నీ నోట్సులో రాసుకుంటున్నా. సైన్యాన్ని ప్రజల ఇళ్ళలో బలవంతంగా పెట్టడం కూడా కారణమే కదా? క్వార్టరింగ్ యాక్ట్.

పాతకాగితం
పరీక్షలో అలా రాయకు నాయనా. 1765 చట్టంలో మనుషులు కాపురముంటున్న ఇళ్ళలో సైనికులను పెట్టమని లేదు. బారకాసులు చాలకపోతే సత్రాలు, సారా దుకాణాలు, అవీ చాలకపోతే ఖాళీ ఇళ్ళు, కొట్టాలు అని ఉంది. వాళ్ళకి కట్టెలు, కొవ్వొత్తులు, ఉప్పు, తాగడానికి బీరో సైడరో కాలనీ ఇవ్వాలి. గొడవ అక్కడ వచ్చింది. న్యూయార్క్ శాసనసభ పూర్తిగా ఇవ్వనంది. ఇచ్చేదాకా ఆ సభ ఏ చట్టమూ చేయకూడదని 1767లో పార్లమెంటు ఇంకో చట్టం చేసింది. ఒక శాసనసభ నోరు మరో సభ నొక్కేయడం చూసి మిగతా కాలనీలన్నీ ఉలిక్కిపడ్డాయి.

ఉయ్యూరు_చెరకు
డాలస్_నాన్న గారి పాప ప్రశ్నకి జవాబు టీలో కంటే ముందు చక్కెర మడ్డిలో, అంటే మొలాసిస్‌లో ఉంది. మాది చక్కెర ఫ్యాక్టరీ ఊరు, ఆ వాసనలోనే పెరిగాం. అందుకే ఈ కథ నాకు ఇష్టం.

న్యూ ఇంగ్లండ్ వాళ్ళు వెస్టిండీస్ నుంచి మొలాసిస్ తెచ్చుకుని రమ్ము కాచేవారు. ఫ్రెంచి దీవుల సరుకు చవక, ఎందుకంటే తమ బ్రాందీకి పోటీ రాకూడదని ఫ్రాన్స్ అక్కడి రమ్మును దగ్గరికి రానిచ్చేది కాదు. 1733లో బ్రిటన్ ఈ పరాయి మొలాసిస్ మీద గ్యాలనుకి ఆరు పెన్నీలు వేసింది. ఎవరూ కట్టలేదు. కస్టమ్స్ ఉద్యోగి చేతిలో ఏదో పెట్టి దించుకునేవారు, ముప్పై ఏళ్ళు అలాగే నడిచింది. 1764లో గ్రెన్‌విల్ దాన్ని మూడు పెన్నీలకి తగ్గించాడు. సగానికి సగం! కానీ ఈసారి నిజంగా వసూలు చేస్తామన్నాడు. నౌకాదళాన్ని కాపలా పెట్టాడు. తగ్గిన పన్నుకే గొడవ మొదలైంది చూశారా? టీ విషయంలో జరిగిందీ అచ్చం ఇదే.

లెక్కలమాస్టారు
అయితే మీరే ఒప్పుకున్నారు. అది దొంగ సరుకు వ్యాపారుల కోపం. చవక టీ వస్తే డచ్చి టీ దొంగతనంగా దించేవాళ్ళ లాభం పోతుంది. స్వేచ్ఛ పేరు పెట్టి జేబు కాపాడుకున్నారు.

ఉయ్యూరు_చెరకు
కొందరి సంగతి అదే మాస్టారూ, కాదనను. కానీ ఓడ పట్టుబడితే కేసు ఎక్కడ నడిచేదో చూడండి. ఊళ్ళో జ్యూరీ ముందు కాదు. ఓడల వ్యవహారాలు చూసే వైస్ అడ్మిరాల్టీ కోర్టులో, జ్యూరీ లేకుండా, ఒక్క జడ్జి ముందు. కొత్తగా హాలిఫాక్స్‌లో ఒక కోర్టు పెట్టారు, బోస్టన్ వాడు నోవా స్కోషియా దాకా పోవాలి. సరుకు సక్రమమైనదని ఓడ యజమానే నిరూపించుకోవాలి. జప్తు చేసిన దాంట్లో మూడో వంతు గవర్నరుకి, మూడో వంతు పట్టిచ్చినవాడికి. పట్టుకున్నవాడికే వాటా ఉంటే తప్పు దొరక్కుండా ఉంటుందా? నిజాయితీగా వ్యాపారం చేసేవాడికి కూడా కంటి మీద కునుకుండదు.

బోస్టన్_చలి
పదకొండేళ్ళుగా ఇక్కడే ఉంటున్నాను. ఓల్డ్ సౌత్ మీటింగ్ హౌస్‌కి మా అత్తమామల్ని తీసుకెళ్ళాను. 1773 డిసెంబరు 16న వేలమంది కూడింది అక్కడే. ఆ రోజే ఎందుకన్నది తెలిస్తే కథ మారిపోతుంది. డార్ట్‌మత్ అనే ఓడ నవంబరు 28న రేవుకి వచ్చింది. ఇరవై రోజుల్లో సుంకం కట్టకపోతే కస్టమ్స్ వాళ్ళు సరుకు జప్తు చేస్తారు. జప్తయితే టీ ఒడ్డుకి వస్తుంది, సుంకం కట్టినట్టే అవుతుంది. గడువు 17వ తేదీ. ఓడల్ని వెనక్కి పంపేయమని ఊరివాళ్ళు మొత్తుకున్నారు. సుంకం కట్టనిదే కదలనివ్వనని గవర్నర్ థామస్ హచిన్సన్ పట్టుబట్టాడు. ఆ రాత్రి డార్ట్‌మత్, ఎలినార్, బీవర్ ఓడల్లోంచి 342 పెట్టెలు నీళ్ళలో పోశారు.

ఫిలడెల్ఫియాలో, న్యూయార్క్‌లో టీ ఓడలు తిరిగి వెళ్ళిపోయాయి. చార్లెస్టన్‌లో టీ దించి గోదాములో పెట్టి తాళం వేశారు. హచిన్సన్ కాస్త తగ్గి ఉంటే బోస్టన్‌లోనూ అలాగే ముగిసేదేమో. టీ అమ్మడానికి కంపెనీ ఎంచుకున్న ఏజెంట్లలో ఇద్దరు ఆయన కొడుకులే. ఊరివాళ్ళు అది మర్చిపోతారా?

ఎడిసన్_వదిన
మన అస్సాం టీయే కదండీ ఆ పోసింది? మా ఆయన అందరికీ అలాగే చెబుతుంటారు.

పాతకాగితం
కాదమ్మా. అంతా చైనా టీ. అస్సాంలో తోటలు పడింది 1830ల తర్వాతే. అమ్మింది మాత్రం మన మీద స్వారీ చేసిన ఈస్టిండియా కంపెనీయే.

బందరు_కోట
ఈ మాట ఎవరైనా ఎత్తుతారేమోనని చూస్తున్నా. కంపెనీ బందరు కోటని ఫ్రెంచి వాళ్ళ దగ్గర్నుంచి పట్టుకుంది 1759లో. బెంగాల్ దివానీ (శిస్తు వసూలు హక్కు), మన ఉత్తర సర్కారుల, అంటే కోస్తా జిల్లాల, ఫర్మానా, రెండూ మొగలు చక్రవర్తి నుంచి తెచ్చుకుంది 1765 ఆగస్టులో. అంటే బోస్టన్‌లో స్టాంపు చట్టం మీద అల్లర్లు జరిగిన నెలలోనే! తర్వాత బెంగాల్లో 1770 కరువు. లక్షల ప్రాణాలు పోయాయి. 1772కి కంపెనీ అప్పుల్లో మునిగి, లండన్ గోదాముల్లో కోటిన్నర పౌండ్లకు పైగా టీ పేరుకుపోయి ప్రభుత్వం ముందు చేయి చాచింది. ఆ కంపెనీని గట్టెక్కించడానికే 1773 టీ చట్టం. సరుకు నేరుగా అమెరికాకి పంపుకోవచ్చన్నారు, ఇంగ్లండ్‌లో పడే సుంకం మాఫీ చేశారు. అందుకే చవక.

అమెరికా వాళ్ళకి ఇదంతా తెలుసు. పెన్సిల్వేనియా లాయరు జాన్ డికిన్సన్ 1773లోనే మారుపేరుతో రాశాడు, ఆసియాలో కంపెనీ చేసిన ఘోరాలు చూడండి, కరువులో ఎంతమంది చచ్చారో చూడండి, ఇప్పుడు వీళ్ళ కన్ను మన మీద పడింది అని. మన తాతముత్తాతల ఆకలి వాళ్ళ భయానికి ఒక కారణం. ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

గుంటూరు_కారం
ఉత్తర సర్కారులంటే అన్నీ కాదు అన్నా. మా గుంటూరు కంపెనీ చేతికి పోయింది 1788లో. అంతదాకా నిజాం తమ్ముడు బసాలత్ జంగ్, ఆయన తర్వాత నిజామే.

బందరు_కోట
ఒప్పుకుంటున్నా తమ్ముడూ. గుంటూరు వాళ్ళ దగ్గర సరిహద్దులు జాగ్రత్తగా చెప్పాలి :)

మియాపూర్_ఫ్లాట్
ఇవన్నీ చదివాక డాలస్_నాన్న గారికి నా అనుభవం చెప్పాలనిపించింది. మా అపార్టుమెంటులో మెయింటెనెన్సు నెలకి మూడు వేలుండేది. అసోసియేషన్ మీటింగులో చేతులెత్తి ఖాయం చేసుకున్నది. బిల్డరు ఒక రోజు నోటీసు అంటించాడు, ఇకనుంచి రెండువేల అయిదొందలే, కానీ నేనే వసూలు చేస్తాను, వాచ్‌మన్‌కీ మేనేజరుకీ జీతాలు నేనే ఇస్తాను అని. అయిదొందలు మిగిలాయని సగం మంది సంతోషించారు. నెల తిరిగేసరికి లిఫ్టు ఆగిపోయిందంటే మేనేజరు మా వంక చూడటం మానేశాడు. ఆయనకి జీతమిచ్చేది మేం కాదుగా.

పాతకాగితం
మియాపూర్ గారు చెప్పింది 1767 టౌన్‌షెండ్ చట్టాలకి సరిగ్గా సరిపోతుంది. గాజు, సీసం, రంగులు, కాగితం, టీ మీద సుంకాలు వేశారని అందరం చదువుకున్నాం. ఆ డబ్బు దేనికన్నది పాఠంలో చెప్పరు. గవర్నర్లకీ జడ్జీలకీ జీతాలివ్వడానికి! అంతకు ముందు చాలా కాలనీల్లో గవర్నరు జీతం స్థానిక శాసనసభ ఏటా ఓటేసి ఇచ్చేది. రాజు పంపిన గవర్నరే అయినా జీతం కోసం ఊరివాళ్ళ మాట వినక తప్పేది కాదు. వాళ్ళ చేతిలో ఉన్న పగ్గం అదొక్కటే. 1770లో మిగతా సుంకాలన్నీ రద్దు చేసి టీ మీదది ఒక్కటి ఉంచారు. 1772లో తన జీతం ఇక రాజే ఇస్తాడని హచిన్సన్ ప్రకటించాడు. జడ్జీల సంగతీ అంతేనని తెలిసింది. ఆ నవంబరులోనే బోస్టన్‌లో ఉత్తరప్రత్యుత్తరాల కమిటీ పెట్టుకుని ఊరూరికీ రాయడం మొదలుపెట్టారు.

కాబట్టి పాపకి ఇలా చెప్పండి. ఆ చవక టీ ఎంత ఎక్కువ అమ్ముడైతే గవర్నరు ఊరివాళ్ళ చేయి అంత జారిపోతాడు. అందుకే చవక కావడమే ప్రమాదం.

లెక్కలమాస్టారు
ఈ జీతాల సంగతి నాకు తెలియదు. ఇది విన్నాక నా మొదటి మాట కొంత వెనక్కి తీసుకుంటాను. అయినా ఒకటి అడుగుతాను, స్టాంపు చట్టం 1766 మార్చిలో రద్దు చేశారుగా? బ్రిటన్ తగ్గిందిగా?

పాతకాగితం
రద్దు చేసిన రోజే డిక్లరేటరీ చట్టం చేశారు మాస్టారూ. ఏ విషయంలోనైనా సరే కాలనీల మీద చట్టాలు చేసే అధికారం పార్లమెంటుకి ఉందని. అంతకు ముందు 1720లో ఐర్లండ్ మీద చేసినదాన్ని చూసి రాసుకున్నది. సంబరాల్లో చాలామంది దాన్ని పట్టించుకోలేదు.

ఓరుగల్లు_బిడ్డ
అందరు మంచిగనే చెప్తున్నరు గని ఒక ముచ్చట ఎవ్వలు ఎత్తుత లేరు. "మమ్మల్ని బానిసలను చేస్తున్నరు" అని రాసినోళ్ళల్ల ఎంతమంది ఇండ్లల్ల బానిసలున్నరు? ఆ కాలనీల జనంల అయిదో వంతు మంది నల్లజాతి బానిసలే. 1773 జనవరిల మసాచుసెట్స్‌ల బానిసలే గవర్నరుకు, శాసనసభకు అర్జీ పెట్టుకున్నరు, మాకు ఆస్తి లేదు, భార్యాపిల్లలు మావోళ్ళు కాదు, మా గతేంది అని. టీ పారబోసిన ఏడాదే అది. ఆ అర్జీని పక్కకు పడేసిన్రు.

1763ల రాజు ప్రకటన గూడ సూడున్రి. అపలేచియన్ కొండలు దాటి పోవద్దు, అది ఆదివాసుల జాగ అన్నడు. వర్జీనియా పెద్దోళ్ళకు అదే మండింది. జార్జ్ వాషింగ్టన్‌కు ఒహాయో దిక్కు భూముల మీద ఆశ ఉండె. స్వేచ్ఛ అన్నప్పుడు ఎవ్వల స్వేచ్ఛ అని అడగాలె గద.

బోస్టన్_చలి
ఓరుగల్లు చెల్లీ, ఇది ఎత్తినందుకు థాంక్స్. 1770 మార్చి 5న బోస్టన్‌లో సైనికుల కాల్పుల్లో అయిదుగురు పోయారు. మొదట కూలినవాడు క్రిస్పస్ అటక్స్. ఆఫ్రికన్, ఆదివాసీ రక్తం రెండూ ఉన్న నావికుడు. అతను పడిన చోటికి దగ్గర్లో రాళ్ళతో ఒక గుండ్రటి గుర్తుంది, రోజూ దాని పక్కనుంచే ఆఫీసుకి వెళ్తాను.

గుంటూరు_కారం
అయితే వాళ్ళ పోరాటం మొత్తం అబద్ధమంటావా చెల్లీ?

ఓరుగల్లు_బిడ్డ
అబద్ధమని నేనెక్కడన్న అన్నా? అడిగిన హక్కు నిజమే. అందరికి ఇయ్యలె. రెండు ముచ్చట్లు పాపకు చెప్పాలె.

గ్రూప్1_గది
1774 చట్టాల గురించి కూడా ఎవరైనా చెప్పండి. అసలు యుద్ధందాకా తెచ్చింది అవే కదా.

బోస్టన్_చలి
టీకి ప్రతీకారం అవి. జూన్ 1 నుంచి బోస్టన్ రేవు మూత, టీ డబ్బు కట్టేదాకా. పారబోసింది కొద్దిమంది, పస్తులున్నది ఊరంతా. మసాచుసెట్స్ పాలక మండలిని ఇక రాజే నియమిస్తాడు. ఊరి సభలు ఏడాదికి ఒక్కటే, గవర్నరు అనుమతి లేకుండా ఇంకోటి పెట్టకూడదు. ఇక్కడి ఊళ్ళలో ఈనాటికీ టౌన్ మీటింగులు జరుగుతాయి, రోడ్డు గుంతల నుంచి బడి ఖర్చు దాకా చేతులెత్తి ఓటేస్తారు. మా ఊరి మీటింగుకి ఒకసారి వెళ్ళి వెనక బెంచీలో కూర్చున్నాను. దాన్ని మూసేస్తే ఎంత మండి ఉంటుందో ఆ రోజు అర్థమైంది. ఆ సెప్టెంబరులో జార్జియా తప్ప మిగతా పన్నెండు కాలనీలు ఫిలడెల్ఫియాలో కూడాయి. ఏడు నెలలకి లెక్సింగ్టన్‌లో తుపాకులు పేలాయి, యుద్ధం మొదలైంది.

బందరు_కోట
ఒక పేరు చెప్పి నేను ఆగుతా. పైన పాతకాగితం గారు చెప్పిన డిక్లరేటరీ చట్టానికి 1766లో ప్రభువుల సభలో వ్యతిరేకంగా ఓటేసింది అయిదుగురే. వాళ్ళలో ఒకడు కార్న్‌వాలిస్. అవును, ఆ కార్న్‌వాలిసే. 1781లో యార్క్‌టౌన్‌లో వాషింగ్టన్‌కి లొంగిపోయిందీ, 1786లో గవర్నర్ జనరల్‌గా మన దేశానికి వచ్చిందీ, 1793లో బెంగాల్లో శాశ్వత శిస్తు పద్ధతి పెట్టిందీ ఆయనే. 1802 నుంచి మన సర్కారు జిల్లాల్లోకీ ఆ జమీందారీ వచ్చింది. అమెరికా వాళ్ళని అడక్కుండా చట్టాలు చేయకూడదని ఓటేసిన మనిషి ఇక్కడ ఏ రైతునీ అడగలేదు.

డాలస్_నాన్న
ఇన్ని పోస్టులు వస్తాయనుకోలేదు. రాత్రి పాపని పక్కన కూర్చోబెట్టుకుని అన్నీ చదివి వినిపించాను. జీతాల సంగతి, మియాపూర్ గారి అపార్టుమెంటు విని "ఇప్పుడర్థమైంది" అంది. ఓరుగల్లు అక్క రాసిన అర్జీ గురించి రెండుసార్లు చదవమంది. తర్వాత ఇంకో ప్రశ్న: "ఆ హచిన్సన్ చెడ్డవాడా?" నాకు తెలియలేదు.

పాతకాగితం
ఆయన బోస్టన్‌లోనే పుట్టాడు. స్టాంపు చట్టం మంచిది కాదని లోలోపల తనూ అనుకున్నవాడే. కానీ చట్టమయ్యాక పాటించాల్సిందే అన్నాడు. 1765 ఆగస్టు 26 రాత్రి జనం వచ్చి ఆయన ఇంటిని గోడలు మిగిలేలా కొల్లగొట్టారు. ఏళ్ళ తరబడి రాసుకున్న మసాచుసెట్స్ చరిత్ర రాతప్రతిని వీధి బురదలోకి విసిరేశారు. కాగితాలు ఏరుకొచ్చి ఇచ్చినవాళ్ళూ ఆ ఊరివాళ్ళే. 1774 జూన్ 1న, రేవు మూతపడిన రోజే, ఇంగ్లండ్‌కి ఓడెక్కాడు. మళ్ళీ సొంత ఊరు చూడలేదు, 1780లో అక్కడే పోయాడు.

డాలస్_నాన్న
చదివి వినిపించాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. క్లాసులో వాళ్ళ టీచరు ఎవరో ఒకరి తరఫున ఉత్తరం రాయమన్నారట. పాప హచిన్సన్ పేరు తీసుకుంది. కాగితాలు ఏరుకొచ్చి ఇచ్చినవాళ్ళకి ఆయన రాసిన ఉత్తరం రాస్తుందట.